ఓడను పొదిగిన చిన్న కోడి

సూరత్ లింబాయత్‌లో, తెలుగు నేతవాళ్ళం ఉండే మా గల్లీలో మధ్యాహ్నం ఎండ తగ్గాక ఆడవాళ్ళమంతా లింగవ్వ ఇంటి అరుగు మీద చేరి చీరలకు రాళ్ళు అంటిస్తాం. సేఠ్ పంపిన చీరల మూట, గమ్ము సీసాలు, మెరిసే రాళ్ళ పొట్లాలు, మధ్యలో చాయ్ కెటిల్. చేతులకు పని ఉంటుంది, చెవులు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని లింగవ్వ నింపుతుంది. డెబ్బై అయిదు దాటిన మనిషి. బడి గడప తొక్కకపోయినా, బజ్జీలు కట్టిచ్చిన కాగితాలు కూడా విప్పి చదివే అలవాటు. కోతలు కోయడం మొదలుపెడితే గల్లీ చివరి సాంచాలు, అదే మరమగ్గాలు, కూడా ఆమెను అందుకోలేవు.

ఆ రోజు మాత్రం అరుగు మీద నవ్వు కొంచెం బిగుసుకుని ఉంది. భాగ్యలక్ష్మి కోడలు సంధ్యారాణి సోమవారం నుంచి మళ్ళీ మార్కెట్లో పనికి పోవాలి. ఒళ్ళో అయిదు నెలల పాప. మా గల్లీలో పనికి పోయే తల్లులంతా పిల్లల్ని లింగవ్వ దగ్గరే వదిలేవాళ్ళు. అది ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. కానీ పోయిన వారం లింగవ్వ పొయ్యి మీద పాలు పెట్టి గుడికి పోయింది. గిన్నె నల్లగా మాడి, పొగ చూసి మేము తాళం పగలగొట్టాం. అంతకుముందు ఒక రోజు పొద్దంతా మా గల్లీలోనే పెరిగిన విజయశ్రీని వాళ్ళమ్మ పేరుతో పిలిచింది. అందుకే భాగ్యలక్ష్మి మనసు వెనకాడుతోంది. పాపను సిరిసిల్లలో సంధ్యారాణి తల్లి దగ్గరికి పంపేద్దామంటుంది. ఆ సాయంత్రానికి కొడుకు సుమన్‌తో రైలు టికెట్టు మాట తేల్చాలి. సంధ్యారాణి రాళ్ళు అంటిస్తూ మాటిమాటికీ పాప తల నిమురుతోంది. లింగవ్వ ఏమీ ఎరగనట్టు కూర్చుంది గానీ, ఆమెకు అన్నీ తెలుసు.

అరుగు కింద గంపలో ఒక కోడి ఉంది. ముందురోజు సుమన్ తెచ్చాడు. అరచేతిలో పట్టేంత కోడి, నల్లటి రెక్కలు, కాళ్ళ నిండా ఈకలు. గంప ఎత్తగానే బయటికి వచ్చి, మూలన పోసి ఉన్న, నూలు చుట్టే ఖాళీ బాబిన్ల కుప్ప మీద పొదుగుకు కూర్చుంది.

"గిది కోడా, పిట్టనా?" అంది విజయశ్రీ. పక్క వీధి దవాఖానాలో నర్సు. ఆ రోజు ఆమెకు సెలవు.

"కోడే అక్కా," అంది సంధ్యారాణి. "ఇచ్ఛాపూర్ల త్రివిక్రమరావు సార్ ఉన్నడు గద, ఆయనకు బదిలీ అయిందట. వాళ్ళింట్ల కరెంటు పని చేసినందుకు ఇచ్చిండట. ఇవి ఇంతకన్న పెరగవట. బాంటం అంటరట."

"ఇంతకన్న పెరగదా? పులుసు పెడితే ఒక్కరికి సాలదు," అంది భాగ్యలక్ష్మి. "ఆ బాంటం అంటే ఏందట?"

"నేను అడగలే అత్తమ్మా."

లింగవ్వ చేతిలో చీర పక్కన పెట్టి కాళ్ళు చాపింది.

"అడగాల్సిన మనిషిని ఇంటి ముంగట పెట్టుకొని సార్లను అడుగుతరా? బాంటం అంటే ఊరు."

"ఊరా?"

"ఊరే. సముద్రం అవుతల జావా అని ఉన్నది. ఆడ బాంటం అని బందరు. వెనుకట తెల్లోళ్ళ ఓడలు ఆడ ఆగేటియి. ఓడల పోయేటోళ్ళకు తొవ్వల తిననీకె కోళ్ళు గావాలె గద. ఆ బజార్ల గిసొంటి చిన్న కోళ్ళు అమ్మేటోళ్ళు. కొనుక్కొని పోయి తమ దేశంల దింపితే, గివి ఏడివి అని అడిగిన్రు. బాంటంవి అన్నరు. ఇగ ఊరి పేరు కోడికి అంటుకున్నది. అది ఆ ఊళ్ళెనే పుట్టిందో, ఇంకేడికెళ్ళో అమ్మకానికి వచ్చిందో ఎవలకెర్క? మనల్ని ఈడ మద్రాసీలు అంటలేరా? మనల మద్రాసు చూసినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

ఎవరూ లేరు. అందరం నవ్వాం. భాగ్యలక్ష్మి కూడా తల ఎత్తి, "గిదైతే నిజం లెక్కనే ఉన్నది," అంది.

"గిదైతే ఏందే? నేను చెప్పేటియి అన్నీ నిజాలే."

అక్కడ ఆగి ఉంటే ఆ మాట మర్యాదగా నిలిచేది. అంతవరకు సరైన సంగతేనని తర్వాత తెలిసినవాళ్ళు చెప్పారు కూడా. కానీ తన జ్ఞాపకం ఎంత గట్టిదో అందరికీ చూపించుకోవాలని లింగవ్వకు ఆ రోజు ఆరాటం. సంధ్యారాణి ఒళ్ళోని పాపను ఓరకంట చూసి, చాయ్ ఒక గుక్క తాగి, గొంతు సవరించుకుంది.

"నాకెట్ల ఎర్క అని అడుగుతలేరేంది?"

"నీకెట్ల ఎర్క అవ్వా?" అన్నాను నేను. ఎవరో ఒకరు అడగాలి కదా.

"మా ఇంటి ముచ్చట నాకు ఎర్క గాకపోతే ఎవలకెర్క! ఆ ఓడలల్ల నింపుకపోయిన సామాను ఏంది? బట్ట. ఏడి బట్ట? గీ సూరత్ బట్ట. నేసినోడు ఎవరు? మా మామకు తాత, ఆయనకు తాత, మార్కండయ్య. గాయిన నేసిన బట్ట చేతిల పట్టుకుంటే ఉన్నదో లేదో తెల్వకపోయేది. ఒకసారి దొరసాని కట్టుకొని కట్టుకోలేదనుకొని మల్లొకటి కట్టుకున్నది. గంత సన్నం. అందుకే ఓడ దొర ఏమన్నడు? మార్కండయ్యా, బట్ట ఒక్కటి పోతే అక్కడ దాని గొప్ప ఎవరు చెప్తరు, నువ్వు గూడ రా అన్నడు. తాత తన గుంట మగ్గం సంకల పెట్టుకొని ఓడెక్కిండు."

"గుంట మగ్గం సంకల పెట్టుకొనా? గుంట గూడ తీసుకపోయిండా?" అంది విజయశ్రీ.

"తొందరెందుకే పోరీ, ఆడికే వస్తున్న. నడి సముద్రంల ఓడ తెరచాప పర్రున చినిగింది. ఓడ కదల్తలేదు. తాగనీకె నీళ్ళు ఒడుస్తున్నయి. అందరు ఏడుపు. మా తాత తెరచాప కొయ్య చివరిదాక ఎక్కి, మగ్గం ఆడ దించిండు. గుంట గావాలె గద కాళ్ళు పెట్టనీకె? గాలిలనే తవ్విండు."

"గాలిల గుంత తవ్విండా!"

"గాలి గట్టిగుంటే తవ్వినంత తవ్వినట్టే నిలుస్తది. మెత్తటి గాలిల తవ్వితే పూడిపోతది. గది తవ్వేటోనికి ఎర్కుండాలె. ఇగ నూలు ఏడికెళ్ళి అంటవు. వాన పడుతున్నది గద, ధార ధారగ. ఆ ధారలు దువ్వి పడుగు చేసిండు. పేకకు మెరుపు తీసుకున్నడు. ఇట్ల పేక పట్టిన నాడె విసిరితే అట్ల ఉరిమేది. తెల్లారేసరికి కొత్త తెరచాప. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది?"

"ఓడ బాంటం చేరింది. ఆ తెరచాప వెలుగు చూసి ఊళ్ళె కోళ్ళన్నీ ఒక్కసారే కూసినయి. వాళ్ళ రాజు ఉరికొచ్చి, గీ తెరచాపకు ఎంత బంగారం గావాలె కోరుకో అన్నడు. తాత ఏమన్నడు? బంగారం పొదుగుకు కూసుంటదా అన్నడు. కూసోదు అన్నడు రాజు. అయితే నాకెందుకు, గా మూలకున్న చిన్న కోడి ఇయ్యి అన్నడు. అది ఏది కనపడితే దాని మీద కూసుంటది, తన గుడ్డు పరాయి గుడ్డు అని చూడది. గసొంటి తల్లి కోడి."

ఆ మాట అన్నప్పుడు లింగవ్వ గొంతు కొంచెం మెత్తబడింది. అరుగు కింద బాబిన్ల మీది కోడి వైపు చూసింది. మళ్ళీ వెంటనే గట్టిగా అందుకుంది.

"తిరుగు ప్రయాణంల తిండి ఒడిసింది. పెద్ద కోళ్ళన్నీ కోసుకొని తిన్నరు. ఆఖరికి వంటోడు కత్తి పట్టుకొని గీ చిన్న దాని దగ్గరికి వచ్చిండు. ఎత్తి చూసిండు. గరిటెడు పులుసు గూడ గాదని కింద దించిండు. దాన్ని కొయ్యలే. ఎవ్వలూ కొయ్యలే. యాది పెట్టుకోర్రి."

"సరే, కొయ్యలే. తర్వాత?"

"ఓడల ఫిరంగి గుండ్లు ఉండె. అది పోయి వాటి మీద కూసున్నది. లెవ్వమంటే లెవ్వది. గప్పుడే సముద్రపు దొంగలు వచ్చిన్రు. పెద్ద పెద్ద మీసాలు, కత్తులు. మనోళ్ళు కోడి కిందికెళ్ళి గుండ్లు గుంజి ఫిరంగిల వేసి పేల్చిన్రు. గుండు పోయి దొంగల ఓడ మీద పడి పగిలి, అందులకెళ్ళి కోడిపిల్లలు బయటకొచ్చినయి."

సంధ్యారాణి గమ్ము సీసా పక్కన పెట్టి పడీ పడీ నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు.

"నవ్వకు బిడ్డా, నిజం. ఇనుప గుండు గదా, పిల్లలకు ముక్కులు ఇనుపవి. దొంగల కాళ్ళ మీద పొడిస్తే వాళ్ళు ఎగిరిన్రు. ఎగిరి ఎగిరి అలిసిపోయి, దోచుకునే ముచ్చటే మర్చిపోయి, తాము తెచ్చుకున్న బువ్వ గూడ మన ఓడలకు విసిరేసి పోయిన్రు."

"దొంగలు బువ్వ పెట్టి పోయిన్రా?" అంది విజయశ్రీ. ఈసారి ఆమె నవ్వలేదు. లింగవ్వ ముఖంలోకి పరీక్షగా చూసింది.

"పెట్టి పోయిన్రు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? అసలు ముచ్చట ఇప్పుడున్నది. తుఫాను లేచింది. నీళ్ళు గీ గోడంత, గా మేడంత. ఓడ అడుగున బొక్క పడ్డది. అందరు దేవుళ్ళకు మొక్కుతున్నరు. గా చిన్న కోడి లేచింది. ఓడ మొత్తం ఒకసారి చూసింది. ఇది గూడ గుడ్డే అనుకున్నదేమో, ఎక్కి కూసున్నది. రెక్కలు తెరిచింది. అరచేయంత కోడి, గని రెక్క విప్పితే ఈ చివర కాడికెళ్ళి ఆ చివర దాక ఓడంతా కప్పేసింది. మీద వాన పడుతలేదు, కింద నీళ్ళు వస్తలేవు. లోపల వెచ్చగ. మబ్బు విడిసినంక చూస్తే పెద్ద ఓడ వెనుక బుల్లి బుల్లి పడవలు, కోడి వెనుక పిల్లల్లెక్క వరసగ వస్తున్నయి. ఓడకు పిల్లలు పుట్టినయి! తాపీ నదిల పడవలు ఏడికెళ్ళి వచ్చినయనుకున్నరు మరి?"

అరుగంతా గొల్లుమంది. పక్కింటి కిటికీలోంచి కూడా నవ్వు వినిపించింది. లింగవ్వ ఆగలేదు. చేతులు గాల్లో చాచి, కళ్ళు ఎక్కడో పెట్టి చెబుతోంది.

"నీళ్ళు కిందికెళ్ళి మీదికి వస్తున్నయి. మెట్టు మెట్టు ఎక్కుతున్నయి. చీకటి. పిల్లలు అమ్మా అమ్మా అని ఏడుస్తున్నరు. నేను బట్ట తానులు విప్పి అందరి మీద కప్పిన. ఈ పక్కకు ఒకడు, ఆ పక్కకు ఒకతి, ఒళ్ళె ఒకడు. కదలకుర్రి బిడ్డా, కోడి కూసున్నది, మనకేం గాదు అన్న..."

నవ్వు ఒక్కొక్కరి దగ్గర ఆగిపోయింది.

"ఓడల పిల్లలు ఏడికెళ్ళి వచ్చిన్రు అవ్వా?" అంది భాగ్యలక్ష్మి మెల్లగా. "నువ్వేడికెళ్ళి వచ్చినవు?"

లింగవ్వ చేతులు దించింది. "ఓడలనే... ఓడలనే ఉంటిమి గద," అంది. ఆ తర్వాతి మాట కోసం వెతుక్కుంది. దొరకలేదు. చీర అంచు పట్టుకుని నలుపుతూ కూర్చుంది.

నాకూ ఈ మధ్య నిన్న వండిన కూర గుర్తుండడం లేదు. అందుకే ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

భాగ్యలక్ష్మి కోడలి చెవిలో చెప్పినా అందరికీ వినిపించింది. "చూసినవా? తాత ముచ్చట చెప్పుకుంట తనే పోయి ఓడెక్కింది. చెడ్డదని అంటలేను. గని పొయ్యి మీద పాలున్నయో, ఒళ్ళె పిల్లున్నదో ఏం యాదుంటది? సుమన్‌కు ఫోన్ చేస్త, టికెట్టు తియ్యుమని." ఫోన్ నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఎత్తలేదు. సంధ్యారాణి పాపను గుండెకు అదుముకుని తల దించుకుంది.

అప్పుడు విజయశ్రీ తన చేతిలోని చీర మడిచి పక్కన పెట్టింది.

"అవ్వా, గది ఓడ గాదు."

"ఓడ గాక?" అంది లింగవ్వ ఉక్రోషంగా.

"శ్యాంసుందర్ సేఠ్ సాంచాల కార్ఖానా. దాని మీది అటక. తాపీ పొంగిన యేడు. జావా లేదు, రాజు లేడు. మార్కండయ్య తాత ఓడ ఎక్కనే లేదు, మనోళ్ళు సూరత్‌కు వచ్చింది రైల్ల, దిగింది ఉధ్నా స్టేషన్ల. నీ తెరచాప కొయ్య అటక నడిమి ఇనుప స్తంభం. నీ ఫిరంగి గుండ్లు బాబిన్లు. ఇగ దొంగలంటవా, వాళ్ళు రబ్బరు పడవల మీద ఖిచిడీ పొట్లాలు పట్టుకొచ్చిన మంచి మనుషులు. చీకట్ల దొంగలనుకొని నువ్వే వాళ్ళ మీద బాబిన్లు విసిరినవు. పాపం ఒకాయనకు నుదురు బొప్పి కట్టింది. అయినా పొట్లాలు మన మీదికి విసిరేసి పోయిండు."

ఎవరికీ నవ్వాలో మానాలో తెలియలేదు.

"నీకెట్ల ఎర్క?" అంది భాగ్యలక్ష్మి.

"నేను ఆడ్నే ఉన్న పెద్దమ్మా. ఏడేండ్లదాన్ని. మా అమ్మ, మీరు, ఇంకా అందరు షిఫ్టుకు పోయి ఎక్కడోళ్ళక్కడ చిక్కుకున్నరు. గల్లీ పిల్లలందర్ని అవ్వ ఒక్కతే అటక మీదికి ఎక్కించింది. తానులు కప్పింది. చుట్టూర చేతులు పెట్టి కూసున్నది." లింగవ్వ వైపు తిరిగింది. "ఇంకో మాట అవ్వా. మనతోని అటక ఎక్కిన నీ కోడిని కోసినవు."

"కొయ్యలే!"

"కోసినవు. ఖిచిడీ పడవ రాకముందు. పనోళ్ళ స్టౌ ఉండె అటక మీద, రేకు డబ్బల పులుసు పెట్టినవు. నేను నిద్రపోయిన అనుకున్నవు. నాకు మెలకువనే ఉన్నది. దాన్ని ఎంత గారాబంగ సాదుకున్నవో గల్లీ అంతకు ఎర్క. కత్తి పట్టుకొని, దాని రెక్కలు నిమురుకుంట చాన సేపు కూసున్నవు. పులుసు తలా చెంచెడు వచ్చింది. నువ్వు తాగలే."

లింగవ్వ కిందికి వంగి చూసింది. అరుగు కింద కోడి కుదురుకుని కూర్చుని, ఒక బాబిన్‌ను ముక్కుతో తన పొట్ట కిందికి లాక్కుంది.

"పొదుగుకొచ్చి ఉండె," అంది చివరికి. "గుడ్లు లేకపోతే బాబిన్ల మీద కూసున్నది. లెవ్వమంటే లెవ్వలే. కూసున్నదాన్ని పట్టుకున్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీకు మెడ ముక్క ఇచ్చిన. నీ పక్కకున్న నరేశ్‌కు రెక్క. కార్జం సుమన్‌కు ఇచ్చిన, వానికి జ్వరముండె."

భాగ్యలక్ష్మి చేతిలో ఫోన్ అలాగే ఉంది. "మా సుమనా?"

"మరెవల సుమన్? ఒళ్ళె పండుకున్నోడు వాడే. రెండు సార్లు నా చీర తడిపిండు. పైన వాన, కింద వరద, నడుమ నీ కొడుకు. నాకు పొడి తావే లేకపాయె."

ఈసారి అందరం నవ్వేశాం. భాగ్యలక్ష్మి నవ్వలేదు. లింగవ్వ దగ్గరికి జరిగింది.

"నీళ్ళు తీసినంక నేను ఉధ్నాలకెళ్ళి ఉరికొస్తే వాడు ఏమన్నడో ఎర్కనా? అమ్మా, నేను కోడి పులుసు తాగిన అన్నడు. ఆ వరదల కోడి ఏడిది, పులుసు ఏడిది! జ్వరంల వదురుతున్నడనుకున్న. వాని నోరు మూయించిన. ఇన్నేండ్లు నీకు ఒక్క మాట చెప్పకపోతినే అవ్వా."

ఆమె చేతిలో ఫోన్ మోగింది. సుమన్. ఆ గొంతు మా అందరికీ వినిపించింది. "ఏంది అమ్మా, ఫోన్ చేసినవు? టికెట్టు ఎన్నడికి తియ్యాలె?"

భాగ్యలక్ష్మి కళ్ళు ఒత్తుకుంది. సంధ్యారాణి తల ఎత్తి అత్త వైపు చూసింది.

"టికెట్టు వద్దు బిడ్డా," అంది భాగ్యలక్ష్మి. "వచ్చేటప్పుడు నూకలు తే. కోడికి. దాన్ని కొయ్యం. సాదుకుందం."

ఫోన్ పెట్టేసి లేచింది. కోడలి ఒళ్ళోంచి పాపను తీసుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా తీసుకొచ్చి లింగవ్వ ఒళ్ళో పడుకోబెట్టింది. లింగవ్వ కాళ్ళు సర్ది, మోకాళ్ళ మధ్య పాపకు చోటు చేసింది. ఆ సర్దడంలో ఏ తడబాటూ లేదు.

"ఇగ జర ఇనుర్రి," అంది మా అందరితో. "పొయ్యి నాకు అప్పజెప్పకుర్రి. పాలు పెడితే మర్చిపోత. తాళం చెవులు గూడ ఇయ్యకుర్రి. ఒళ్ళె ఉన్నదాన్ని మాత్రం మర్చిపోను."

"పాలు నేను కాచి ఇస్త," అన్నాను. "పొద్దంతా ఈడనే ఉంట గద."

"నేను డ్యూటీకి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు తొంగి చూస్త," అంది విజయశ్రీ. సంధ్యారాణి వంగి లింగవ్వ కాళ్ళను తాకి, మళ్ళీ గమ్ము సీసా తీసుకుంది. పాప వైపే చూస్తూ పెడితే రాయి వంకరగా అంటింది. నేను సరిచేశాను.

కాసేపు ఎవరి పని వాళ్ళం చేసుకున్నాం. లింగవ్వ మాత్రం పనిలో పడలేదు. ఏదో మింగుడుపడనట్టు విజయశ్రీ వైపు చూస్తోంది.

"అవు గని విజయా, ఆ నుదురు బొప్పి కట్టినాయన ముచ్చట అందరి ముంగట చెప్పాల్నా? పెద్ద మీసాలు ఉండెనే వానికి!"

"మీసాలుంటే దొంగనా అవ్వా? మన శ్యాంసుందర్ సేఠ్‌కు లేవా?"

"గదే అంటున్న," అంది లింగవ్వ.

అరుగు మళ్ళీ గొల్లుమంది. పాప ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. లింగవ్వ ముఖాన్ని ఎగాదిగా చూసింది. ఏడవలేదు. లింగవ్వ దాని మీదికి వంగి, మేము వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"వీళ్ళకేమెర్క బిడ్డా. బాంటం అంటే ఊరు. ఆడికెళ్ళి ఓడల ఒక చిన్న కోడి వచ్చింది. దాన్ని ఎవ్వలూ కొయ్యలే. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

పాప, "ఊఁ," అంది.